ఒక వీశె తక్కువ

ఆరు అంకెలు రావాలి, అంతే. అవి ఫోనులోకి వస్తే కంప్యూటర్లో కొట్టి లోపలికి వెళ్ళొచ్చు. లోపలికి వెళ్తే దండాసి బరువు కనిపిస్తుంది. ఆ బరువు పట్టుకుని క్లినిక్‌కి పరుగెత్తితే సిస్టర్ అతన్ని మిషను మీద పెడుతుంది. జయశ్రీ పావుగంట నుంచి ఫోను వంక చూస్తూ కూర్చుంది. ఫోను కూడా ఆమె వంక చూస్తూ కూర్చుంది.

కూర్చున్నది పబేడాన్‌లో ఒక విమానం టిక్కెట్ల దుకాణంలో. ఇప్పుడు విమానాలూ లేవు, టిక్కెట్లూ లేవు. కానీ ఆ దుకాణానికి గోడలోంచి వచ్చే తీగ ఇంటర్నెట్ ఉంది. రంగూన్‌లో ఇవాళ అది ఉన్నవాడే మహారాజు. ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని లాక్కున్నాక ముందు రాత్రిపూట నెట్ ఆపారు. మార్చిలో ఫోన్లలో తీసేశారు. నిన్న శుక్రవారం, ఏప్రిల్ రెండో తారీకున, తీగ లేకుండా గాల్లో పట్టే ఇంటర్నెట్ డబ్బాలన్నీ ఒక్క దెబ్బకి ఆరిపోయాయి. క్లినిక్‌లో ఉన్నది అలాంటి డబ్బాయే.

రోగుల వివరాలన్నీ ఎక్కడో సింగపూర్లో, క్లౌడ్‌లో, భద్రంగా ఉన్నాయి. మహా భద్రంగా ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టిన మనిషికి కూడా అందనంత భద్రంగా. ఆరంకెల కోడ్ పంపాను, చూసుకో అంటుంది తెర మీద ఒక పెట్టె. బయటి దేశాల మెసేజ్‌లు ఈ దేశంలో దిగడం మానేసి చాలా రోజులైందని దానికి ఎవరు చెప్తారు? జయశ్రీ మూడోసారి 'మళ్ళీ పంపు' నొక్కింది. అది మూడోసారి కూడా ఎంతో మర్యాదగా పంపానంది.

దండాసి నది అవతల ట్వంటేలో కుండలు కాల్చే ఆవం దగ్గర పనిచేసే మనిషి. నాలుగేళ్ళ కిందట కిడ్నీలు పాడైపోయాయి. మంగళవారం, శనివారం బస్సులో దలా రేవుకొచ్చి, పడవలో నది దాటి, పబేడాన్ సందులో ఉన్న ధర్మ క్లినిక్‌కి డయాలిసిస్ కోసం నడిచి వస్తాడు. పోయిన శనివారం ఊళ్ళో కాల్పులు జరిగాయి, పడవలు ఆగాయి. మంగళవారం బస్సు లేదు. రెండు వాయిదాలు తప్పి, ఇవాళ పొద్దున్న ఎలాగో వచ్చి పడ్డాడు. మొహం ఉబ్బిపోయి ఉంది. క్లినిక్ ముందు మూడు మెట్లుంటే, ఒక్కో మెట్టు మీదా కూర్చుని లేచాడు.

ఆ జబ్బు మనిషి తాగిన నీళ్ళు ఒంట్లోనే ఉండిపోతాయి. మిషను వాటిని లాగేయాలి. ఎంత లాగాలన్నదానికి డాక్టరు ఒక్కొక్కరికీ ఒక అంకె కడతాడు: నీరు పోయాక ఈ మనిషి ఇంత బరువుండాలి అని. తక్కువ లాగితే ఊపిరాడదు. ఎక్కువ లాగితే కుర్చీలోనే బీపీ పడిపోతుంది, దండాసిలాంటి వాడి గుండె అక్కడే ఆగినా ఆగుతుంది. ఆ అంకె కట్టిన డాక్టరు సైన్యం మీద సమ్మెలో చేరి, పేరు మీద వారెంటు పడి, ఎక్కడున్నాడో తెలీకుండా ఉన్నాడు. ఏళ్ళ తరబడి ఉన్న పాత సిస్టరుదీ అదే కథ. ఇప్పుడున్న సిస్టర్ దా న్వే, పెద్దాసుపత్రిలో పని వదిలేసి జీతం లేకుండా ఇక్కడికొచ్చి మూడు వారాలైంది. ఆమె దండాసిని చూడటం ఇది మూడోసారో నాలుగోసారో.

"నేను మనిషిని ఊహతో తూచను. ఒకసారి తూచాను, చాలు" అంది దా న్వే పొద్దున్న బర్మా భాషలో, జయశ్రీతో. "ఒంటిగంటలోగా అంకె తెస్తే నాలుగ్గంటలు తిప్పుతాను. ఆ తర్వాతయితే అది పూర్తయ్యేలోగా వీధిలో సైన్యం బళ్ళు మొదలవుతాయి, తలుపులు మూసేయాలి. మంగళవారం దాకా ఇతను ఆగడు" అని కూడా అంది.

జయశ్రీని పిలిచింది ఎందుకంటే రోగుల లెక్కలు దాచే ఆ ప్రోగ్రాం ఆమెదే. ఏడేళ్ళ కిందట వాళ్ళ నాన్న వాసుదేవరావు అదే క్లినిక్‌లో కుర్చీలో కూర్చునేవాడు. ఆయన పక్కన ఊరికే కూర్చోలేక, పాత సిస్టరు పడుతున్న అవస్థ చూడలేక, మూడు వారాల్లో రాసిచ్చింది. చూడ్డానికి ఏమీ బాగుండేది కాదు. ఆకుపచ్చ తెర, లావు అక్షరాలు. నీళ్ళ ఫిల్టరు పక్కన ఒక పాత కంప్యూటర్లో కూర్చుని, నెట్ అక్కర్లేకుండా, కరెంటు పోయి వస్తే ఎక్కడాగిందో అక్కడే లేచేది. నాన్న పోయాక కూడా అది పనిచేస్తూనే ఉంది. జయశ్రీ జీవితంలో రాసినవాటిలో ఎవరికైనా పనికొచ్చిందంటే అదొక్కటే అని ఆమెకు బాగా తెలుసు.

మిగతావన్నీ ఫ్యాషన్లు. సంచౌంగ్‌లో ఆమె పనిచేసే కంపెనీలో ఏడాదికోసారి కొత్త దేవుడు వెలిసేవాడు. ఒక ఏడు అంతా వెబ్‌లోకి అన్నారు. మరో ఏడు అంతా ఫోన్లోకి అన్నారు. ఇంకో ఏడు ఉన్న ప్రోగ్రాన్ని పదిహేను ముక్కలు చెయ్యాలి, ముక్కలే భవిష్యత్తు అన్నారు. ముక్కలు చేశాక, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఇంకో అయిదు ముక్కలు కావాలన్నారు. ఇన్నిసార్లు తిరగేసినా లోపల ఉన్నవి అవే అయిదు తెరలు: పేరు, తారీకు, అంకె, సరే, వద్దు. ఆ అయిదింటినే ఆమె ఏడేళ్ళలో నాలుగుసార్లు రాసింది. ప్రతిసారీ కాస్త నెమ్మదిగా పనిచేశాయి, ప్రతిసారీ చప్పట్లు కొట్టారు.

ఆఖరికి క్లౌడ్ వచ్చింది. యజమాని కో ఫ్యో సింగపూర్ సభ నుంచి మెడలో తాడుబిళ్ళ కూడా తియ్యకుండా వచ్చి, ఇకమీదట గదిలో కంప్యూటర్ ఉంచుకోవడం సిగ్గుచేటన్నాడు. కంపెనీ పుణ్యకార్యంగా ధర్మ క్లినిక్‌ని కూడా క్లౌడ్‌కి ఎక్కిస్తామన్నాడు. కాగితం లేని క్లినిక్ అని ఫోటోలు తీశారు. రోజూ సాయంత్రం ఒక నకలు క్లినిక్‌లో కూడా ఉంచుదాం అని జయశ్రీ మీటింగులో ఒక్కసారి అంది. "అది పాత ఆలోచన, మ తీరి" అన్నాడు కో ఫ్యో నవ్వుతూ. ఆఫీసులో ఆమె పేరు మ తీరి, బర్మా పేరు. చుట్టూ ఉన్నవాళ్ళంతా పాతికేళ్ళవాళ్ళు. ఆమెకు ముప్పై ఆరు. రెండోసారి అంటే ముసలిదనుకుంటారని నోరు మూసుకుంది. డిసెంబరులో పాత కంప్యూటర్లో ఉన్నదంతా తన చేతుల్తోనే తుడిచి పారేసింది. పూర్తిగా, మళ్ళీ తీయడానికి వీల్లేకుండా. పని శుభ్రంగా చెయ్యడం ఆమెకు అలవాటు.

ఇప్పుడు టిక్కెట్ల దుకాణంలో కూర్చుని ఆమె తిట్టుకుంటున్నది కో ఫ్యోని కాదు. ఆ రెండోసారి తెరవని తన నోటిని.

పదకొండయింది. ఆరంకెలు రాలేదు. జయశ్రీ దుకాణం ఆయనకు దణ్ణం పెట్టి, ఫోను ఆపి రవిక లోపల దోపుకుంది. వీధుల్లో సిపాయిలు ఫోన్లు లాక్కుని చూస్తున్నారు. సందులు పట్టుకుని క్లినిక్‌కి నడిచింది, ఖాళీ చేతుల్తో ఎలా వెళ్ళాలా అనుకుంటూ.

క్లినిక్‌లో నాలుగు మిషన్లుంటే మూడు తిరుగుతున్నాయి. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. అంకెలు లేకుండా ఎలా తిరుగుతున్నాయి? మొదటి కుర్చీలో లింగరాజు, పూలబజారులో దండలు కట్టే మనిషి, కళ్ళు మూసుకుని హాయిగా ఉన్నాడు. పక్కన అతని భార్య తులసమ్మ ఒక కేలండరు కాగితం విసనకర్రలా విసురుకుంటోంది.

"పిన్నీ, బాబాయిని ఎలగ పెట్టీసేరు? బరువెవులు సెప్పినారు?" అంది జయశ్రీ.

"ఎవులు సెప్పాలేటి? నానే సెప్పినాను" అంది తులసమ్మ, కాగితం ఆమె చేతికిస్తూ. "మిషను దిగినాక సిస్టరు సెప్పిన అంకె ఏ రోజుకారోజు కేలండర్ మీద ఏసుకుంటాను. మీ కంప్యూటరు పోతే పోనాది, మా ఇంటి గోడ యాడికి పోతాది? ఆ ఇద్దరు ఆడోల్లూ అంతే. ఇంటికెల్లి సింపుకొచ్చినారు."

మార్చి నెల కాగితం. దేవుడి బొమ్మ కింద గళ్ళలో నీలం సిరాతో అంకెలు. దండాసి ఆఖరుసారి వచ్చిన ఇరవై మూడో తారీకు, మంగళవారం గడిలో: 62. పాల లెక్కకీ తిథి పేరుకీ మధ్య. తను ఏడేళ్ళలో నాలుగుసార్లు రాసిన అయిదు తెరలూ ఆ గడిలో ఒద్దికగా ఇమిడిపోయి ఉన్నాయి. జయశ్రీకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"దండాసి మావది కూడా ఎవులైనా రాసినారేటి?"

"ఆడికెవులున్నారమ్మీ రాయడానికి. పెళ్ళాం పోనాది. ఆడికా అచ్చరం ముక్క రాదు."

గోడవార బల్ల మీద దండాసి కూర్చుని ఉన్నాడు, పడుకుంటే ఊపిరాడక. అతను చెయ్యి కొంచెం ఎత్తాడు. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, "అచ్చమ్మ... కాటా" అన్నాడు.

తులసమ్మ నుదురు కొట్టుకుంది. "నా బుర్ర తగలెయ్య. అచ్చమ్మనడుగు. మిషను దిగినాక మనోల్లందరం అచ్చమ్మ హోటల్లోనే కదా తింతాము. అది ఈడ్ని కాటా ఎక్కించి తూసి మరీ రేవుకి పంపిస్తాది. బేగి ఎల్లు."

అచ్చమ్మ హోటలు రెండు సందుల అవతల. నాలుగు బల్లలు, ఒక పెద్ద పొయ్యి, తలుపు వెనక బియ్యం బస్తాలు తూచే కాటా. జయశ్రీ వెళ్ళేసరికి ఒక బల్ల దగ్గర బియ్యం వర్తకుడు సన్యాసి పప్పుచారు కలుపుకుంటున్నాడు. ఊరంతా మూతపడినా సన్యాసి బియ్యం, అచ్చమ్మ పొయ్యి మాత్రం ఆగలేదు. సమ్మెలో ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం పూట అచ్చమ్మ ఊరికే పెడుతోంది. అడిగితే మిగిలిపోయిందంటుంది. ప్రతిరోజూ నలభైమందికి సరిపడా ఎలా మిగులుతుందో ఆమెకే తెలియాలి.

సంగతి చెప్పగానే అచ్చమ్మ గరిటె పక్కన పెట్టి కాటా పైన మేకుకున్న కేలండర్ తీసింది.

"నాలుగేల్ల కితం ఒకపాలి నీల్లు ఎక్కువ తాగీసి సచ్చినంత పనైనాది ఆడికి. అప్పట్నించి దిగినాక ఒకపాలి, మల్లీ వొచ్చినాక ఒకపాలి తూస్తాను. ఎక్కువొస్తే తిడతాను. రోజుకి ఎన్ని గళాసులు తాగాలో నానే సెప్తాను. సూడు, మొన్న మంగలారం ఇరవై మూడు. దం, ముప్పైనాలుగుంపావు."

"కిలోలా అత్తా?"

"కిలోలేటి? వీశెలు."

బర్మాలో బజారంతా వీశెల్లోనే నడుస్తుంది. వీశె అంటే కిలోన్నర మీద మరికాస్త. జయశ్రీ పెన్సిలు అడిగి తీసుకుని సన్యాసి బల్ల చివర లెక్క వేసింది. ముప్పైనాలుగుంపావు వీశెలంటే యాభై అయిదు కిలోల తొమ్మిది వందలు.

"తిన్నాక తూసేవా, తినకముందా?"

"తిన్నాకే. ఆడి బోజనం అరకిలో, నీల్లతో కలిపి. నానే కొలిసి పెడతాను కదా, నాకు తెలీదేటి."

అరకిలో తీస్తే యాభై అయిదున్నరకి కాస్త తక్కువ. దొరికింది. పన్నెండు కూడా కాలేదు. జయశ్రీ కాగితం మడిచి గుమ్మం దాకా వెళ్ళింది.

అక్కడ ఆగింది. ఒక అంకె ఒంటరిగా దొరికితే నమ్మకూడదు, ఇంకోదానితో కలిపి చూడాలి. పద్నాలుగేళ్ళ కంప్యూటర్ పనిలో ఎన్ని ఫ్యాషన్లు వచ్చి పోయినా పోకుండా నిలిచిన బుద్ధి అదొక్కటే. వెనక్కి వచ్చింది.

"అత్తా, లింగరాజు బాబాయిని కూడా ఆ రోజు తూసినావా?"

"ఈడెక్కితే ఆడూ ఎక్కుతాడు, సిన్నపిల్లల్లాగ. లిం, ముప్పైయేడుంపావు."

మళ్ళీ లెక్క వేసింది. అరవై కిలోల ఎనిమిది వందలు. కానీ తులసమ్మ కేలండర్లో అదే రోజు అరవై రెండు. క్లినిక్‌లో అరవై రెండున్న మనిషి, ఇక్కడికొచ్చి అరకిలో తిని, కిలో పైగా ఎలా తగ్గుతాడు? రెండోసారి వేసింది. అదే వచ్చింది.

"అత్తా, నీ కాటా తక్కువ సూపిస్తన్నాది" అంది.

"నా కాటాకేటైనాది? పదేల్లబట్టి ఉన్నాది. కిలినిక్కుదే తప్పు సూపిస్తాదేమో" అంది అచ్చమ్మ. మాట చురుగ్గానే వచ్చింది. కానీ ఆమె జయశ్రీ వంక చూడలేదు, సన్యాసి వంక చూసింది. సన్యాసి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"కిలినిక్కుదే తప్పేమో, నాను కాదన్ను. ఏదో ఒకటి తప్పు. ఏదో తెలీకపోతే సిస్టరు ఈ అంకె ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఇంకా పెమాదం. ఈ అంకె నిజంగా తక్కువైతే దండాసి మావ ఒంట్లోంచి కిలోన్నర ఎక్కువ లాగేస్తాది. ఆ మనిషి గుండె ఆగిపోతాది అత్తా."

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అచ్చమ్మ గరిటె తీసుకుని అక్కర్లేకపోయినా పప్పు కలిపింది. మూత పెట్టింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వీశె తక్కువ సూపిస్తాది" అంది. "సరీగ్గా వీశె. ముల్లు ఎనక్కి తిప్పి బిగించినాను. కాలీగా ఉన్నప్పుడు సున్నా కాడ మేకుకి ఆనుకుని ఉంటాది, ఎవులికీ తెలీదు. బస్తా పెట్టినా, మనిసెక్కినా, వీశే తక్కువ. బియ్యం కొన్నప్పుడు నాకు కలిసొస్తాదని సేసినాను." అప్పుడు సన్యాసి వైపు తిరిగింది. "ఇన్నావు కదా. నువ్వు దింపిన ప్రెతి బస్తా మీద వీశె తిన్నాను. ఏటంటావో అను."

సన్యాసి నింపాదిగా చారు జుర్రుకున్నాడు. ఆకు మడిచాడు.

"నాను బియ్యం అమ్ముకునేవోన్ని అచ్చమ్మా. నా బస్తా బరువు నా బుజానికి తెలీదనుకున్నావేటి? మొదటి నెలలోనే తెలిసినాది. అందుకే నీకు సెప్పే దర వేరు" అన్నాడు. "ఆ గుంటని ముందెల్లనీ. మనం తరవాత తిట్టుకుందారి."

జయశ్రీ అప్పటికే లెక్కలో ఉంది. లింగరాజుకి ఒక వీశె కలిపితే ముప్పై ఎనిమిదుంపావు. కిలోల్లో అరవై రెండున్నర. భోజనం తీసేస్తే అరవై రెండు. తులసమ్మ కేలండర్లో ఉన్నది అదే. దండాసికి ఒక వీశె కలిపి, భోజనం తీసింది. యాభై ఏడు.

ఆమె అచ్చమ్మ చేతులు రెండూ పట్టుకుంది. అచ్చమ్మ చేతులు విడిపించుకుని, "పో, బేగి పో" అంది.

దా న్వే లెక్కంతా మొదటినుంచి చెప్పించుకుంది. కేలండర్ కాగితం చూసింది, పెన్సిలు కాగితం చూసింది. దండాసిని క్లినిక్ కాటా ఎక్కించింది. అరవై కిలోల నాలుగు వందలు. పదకొండు రోజులు మిషను లేకుండా ఉన్న మనిషి ఒంట్లో మూడున్నర కిలోల నీరే చేరిందంటే ఆమె నమ్మలేకపోయింది.

"ఏం తాగావు ఇన్నాళ్ళూ?" అని అడిగింది.

"అచ్చమ్మ సెప్పిన కొలతే" అన్నాడు దండాసి. జయశ్రీ ఆ మాట బర్మా భాషలో సిస్టరుకి చెప్పింది. దా న్వే తల ఊపి సూది తీసింది. అప్పటికి ఒంటిగంటకి ఇరవై నిమిషాలు తక్కువ.

తర్వాత నాలుగ్గంటలు జయశ్రీ ఆ కుర్చీ పక్కనే కూర్చుంది. ఒకప్పుడు నాన్న పక్కన కూర్చున్నట్టే. అరగంటకోసారి దా న్వే బీపీ చూసినప్పుడల్లా జయశ్రీ ఆ అంకె కాగితం మీద రాసుకునేది. రెండో గంటలో దండాసి పడుకోగలిగాడు. మూడో గంటలో నిద్రపోయాడు. నాలుగో గంట చివర్లో పిక్క పట్టేసి మెలకువ వచ్చింది. బీపీ కొంచెం జారింది. దా న్వే వెంటనే లాగడం ఆపి, కాళ్ళు ఎత్తి పెట్టించి, తెర మీద అంకె చూసింది. మూడు కిలోల మూడు వందలు లాగింది.

"ఇక ఇతని ఒంట్లో తీయడానికేమీ లేదు. మీ అంకె సరైనదే" అంది. కాస్త ఆగి, "ఆ మొదటి లెక్క తెచ్చి ఉంటే నేను ఇంకా లాగుతూనే ఉండేదాన్ని" అంది.

బీపీ నిలబడ్డాక దండాసికి టీ చుక్క ఇచ్చారు. జయశ్రీ అతని కాళ్ళ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుంది.

"మావా, నీకొకటి సెప్పాలి. ఇక్కడుండే పాత కంప్యూటరు నానే తుడిసి పారీసినాను. ఒద్దని తెలిసీ, నోరు మూసుకుని. అదుంటే పొద్దున్నే నిన్ను మిషనెక్కించేవోరు."

దండాసి టీ గ్లాసు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. పొద్దున్న ఉబ్బిన మొహం ఇప్పుడు మామూలు మొహంలా ఉంది.

"మీ నాన్న ఇదే కుర్చీలో కూకునీవోడు" అన్నాడు. "మా గుంట రాసినాదని అందరికీ సూపించీవోడు ఆ పచ్చడబ్బాని. అది పోనాదంటే నాకూ కస్టంగానే ఉంది. అయితే నువ్వు పోనేదు కదా. నడిసొచ్చినావు. సాల్దేటి?"

చాలదని ఆమెకు తెలుసు. అయినా ఆ మాటకి ఆమె మనసు నిండిపోయింది. తప్పు ఒప్పుకున్న రోజునే క్షమ దొరికే అదృష్టం ఎంతమందికి ఉంటుంది? నోట్‌బుక్కు ఒకటి కొని, కుర్చీల్లో ఉన్న నలుగురి పేర్లూ అంకెలూ రాసి, దానికి దారం కట్టి నీళ్ళ ఫిల్టరు పక్కన మేకుకి తగిలించింది. మిగతావాళ్ళని వచ్చేటప్పుడు కేలండర్లు తెమ్మని కబురు పెట్టింది. ఇంటర్నెట్ తిరిగొచ్చినా అది అక్కణ్ణించి కదలకూడదని, ఈసారి ఎవరు పాత ఆలోచన అన్నా రెండోసారీ మూడోసారీ కూడా చెప్తానని దా న్వేతో అంది.

అయిదు దాటాక దండాసిని నెమ్మదిగా అచ్చమ్మ హోటలుకి నడిపించుకెళ్ళింది. పడవలు ఆగిపోయాయి. రాత్రికి అతను అక్కడే. హోటల్లో ఎవరూ లేరు. అచ్చమ్మ తలుపు సగం వేసి, కాటా ముందు కూర్చుని మరమేకు బిగిస్తోంది.

దండాసి ఎప్పటిలాగే చెప్పులు విప్పి కాటా ఎక్కాడు. అతనికి అంకెలు రావు, కానీ ముల్లు తనకు ఎక్కడ ఆగుతుందో తెలుసు. వంగి చూసి కంగారుపడ్డాడు.

"ఏటే, నానింకా తిన్నేదు కదా. ఎక్కువైపోనానేటి?"

"నువ్వెక్కువ కానేదు. నాను సరయ్యాను. దిగు, అన్నం ఎడతాను" అంది అచ్చమ్మ.

"రాయి ముందు."

"ఇంకెందుకు రాయడం? ఇకమీదట కిలినిక్కులో పుస్తకం మీద రాస్తారట. ఈ గుంట ఏర్పాటు సేసింది. నా కాటా సంగతి ఊరందరికీ తెలిసిపోనాది. నా అంకె ఎవులికి కావాల?"

దండాసి దిగలేదు. "ఆల్లు మిషను కోసం రాస్తారు" అన్నాడు. "నువ్వు నా కోసం రాస్తావు. నాలుగేల్లబట్టి ఈ లోకంలో నానెంతున్నానో రాసుకున్న మనిసివి నువ్వొక్కదానివే. రాయి."

అచ్చమ్మ లేచి, పెన్సిలు వెతికి, ఏప్రిల్ మూడో గడిలో రాసింది. రాసి కళ్ళు తుడుచుకుంది. పొగ అంది. పొయ్యి ఆరిపోయి చాలాసేపయింది.

దండాసి దిగాడు. జయశ్రీ చెప్పులు విప్పింది. ఫోను తీసి బల్ల మీద పెట్టి, కాటా ఎక్కి నిలబడింది.

"అత్తా, నాది కూడా రాయవా" అంది.